కోడ్ 14లో పోయిన 11 మంది

ఐకాడ్, ముసఫా, అబుధాబి
2025 జులై 9

చిరంజీవి అల్లుడికి,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. షుగర్ గోలీల సంగతి చెబుతుందనుకుంటే, నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని, "మామ కాడికే పోత" అంటున్నావని చెప్పి ఏడ్చినంత పని చేసింది. అంతకు రెండు రోజుల ముందే నీ మెసేజ్ చదివాను కాబట్టి నాకు సగం అర్థమైంది. కోడ్‌లకు అర్థాలు పడేట్టు క్వెరీలో నువ్వు రాసిన 40 లైన్ల కేస్ తీసేసి లుకప్ టేబుల్ పెట్టమన్నాడు మీ సీనియర్. రిపోర్టు మంచిగనే వస్తోంది కదా, ఎందుకు మార్చాలన్నావు నువ్వు. మాటా మాటా పెరిగింది. ఇంతేనా, ఇంకేమన్నా ఉందా?

రాజీనామా సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ టేబుల్ సంగతి తేలాలి.

నవ్వకు. నాకు తెలుసు, "అమ్మ ఏడుస్తుంటే మామకు టేబుల్ కావాల్నట" అని మీ చెల్లెతో అంటావు. అనుకోండి.

ఇప్పుడు మధ్యాహ్న విరామం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. యార్డులో క్రేన్లు ఆగిపోయాయి. మనవాళ్లు షెడ్డు నీడలో అట్టలు పరుచుకుని మొఖం మీద తువ్వాల వేసుకుని పడుకున్నారు. స్టోర్‌లో నేనొక్కణ్ణే మెలకువగా ఉన్నాను. పాత రిక్విజిషన్ కాగితాల వెనకవైపు రాస్తున్నాను, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతా. ఫోన్‌లో చెబితే నువ్వు "ఆఁ మామా, ఆఁ మామా" అంటూ పక్కన ఇంకేదో చూసుకుంటావు. కాగితమైతే కనీసం రెండు పేజీలన్నా చదువుతావని ఆశ.

2006లో నేనిక్కడికి వచ్చిన కొత్తలో మీ అమ్మమ్మకు ఫోన్ చేసి "అవ్వా, నేను ఐకాడ్‌ల ఉన్న" అన్నాను. "ఐకార్డు పోయిందా కొడకా? పోలీసోళ్లు పట్టుకున్నరా?" అని అటునుంచి ఒకటే అరుపు. ఇండస్ట్రియల్ సిటీ ఆఫ్ అబుధాబి అనే పొడుగు పేరును కుదిస్తే ఐకాడ్ అయిందని ఆమెకెవరు చెప్పారు? ఆమెకు తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా వినబడ్డదాన్ని అతికించుకుంది. ఎక్సెల్‌లో వీలుకప్ కూడా అచ్చం మీ అమ్మమ్మ లాంటిదే. చివర్లో ఫాల్స్ అని రాయడం మరిచిపోయావా, అడిగిన కోడ్ లేకపోతే దానికంటే చిన్నవాటిలో దగ్గరిదాన్ని పట్టుకొచ్చి చేతిలో పెడుతుంది. లేదని చెప్పదు. మీ అమ్మమ్మ కనీసం అరిచింది.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఇప్పుడు చెబుతా. మీ అమ్మకు కూడా తెలియదు.

నా మొదటి వీసాలో నా వృత్తి తాపీమేస్త్రీ అని ఉండేది. తాపీ ఎటువైపు పట్టుకోవాలో నాకు ఈ రోజుకీ రాదు. కరీంనగర్‌లో ఫాక్స్‌ప్రో నేర్చుకున్నానని తెలిసి మూడో నెలలోనే టైమ్‌కీపర్ పక్కన కుర్చీ వేశారు. వీసా కాగితంలో మాత్రం చాలా ఏళ్లు మేస్త్రీనే. అప్పట్లో మా యార్డు హాజరంతా ఎక్సెల్‌లో ఉండేది. 2009లో దాన్ని యాక్సెస్‌లోకి మార్చే పని నాకు అప్పజెప్పారు. మనిషికి ఒక నంబరు, పనికి ఒక కోడ్. 1 ఫిట్టర్, 2 వెల్డర్, 3 రిగ్గర్, ఇట్లా 13 దాకా. కోడ్‌లకు పేర్లు రాసి ట్రేడ్ టేబుల్ అని ఒకటి పెట్టాను. హాజరు టేబుల్‌ను దానితో కలిపితే ఓవర్‌టైమ్ షీట్‌లో కోడ్ బదులు పని పేరు పడుతుంది. అది ప్రింటయి వచ్చిన రోజు నేను ముసఫాలోనే ఉన్న షాబియాకు పోయి బిర్యానీ తిన్నాను, అంత సంబరం.

ఆ ఎండాకాలం షట్‌డౌన్ పని ఒకటి వచ్చింది. స్కాఫోల్డింగ్ కట్టేవాళ్లను కొత్తగా తెచ్చారు. సైట్ ఆఫీసులో ఎవరో వాళ్లకు 14 అని కోడ్ ఇచ్చి హాజరు వేయడం మొదలుపెట్టారు. ట్రేడ్ టేబుల్‌లో 14 లేదు. చేర్చాల్సింది నేను. నాకు చెప్పలేదన్నది నిజమే. కానీ నేనూ అడగలేదు. నెలాఖరున ఓవర్‌టైమ్ షీట్ తీశాను. చక్కగా, పని పేర్లతో, వరుసలు తీరి వచ్చింది. సంతకం పెట్టి పంపాను. అందులో 14 కోడ్ ఉన్న 11 మంది లేరు. ఎర్ర గీత లేదు, ఖాళీ గడి లేదు, తప్పని చెప్పే ఒక్క గుర్తు లేదు. ఎక్సెల్‌లో ఫాల్స్ పెట్టి ఉంటే ఎన్‌ఏ అని మొఖం మీద రాసి చూపేది. ఇక్కడ మనుషులకు మనుషులే లేరు.

జీతాల రోజు రాత్రి వాళ్లు క్యాంపులో నా గది ముందుకు వచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కోరుట్ల దిక్కు పెద్దమనిషి ఒకాయన, మా బాపు వయసుకు కొంచెం అటూ ఇటూ ఉంటాడు, వాళ్లను ఆపి అడిగాడు. "సారూ, ఒక్క మాట చెప్పు. నేను పని చేసినట్టా, చెయ్యనట్టా?"

ఆయనకు కోపం లేదు. నిజంగానే అడిగాడు. ఆ నెలంతా ఇనుప పైపులు భుజాన మోసి, అరచేతులు పొక్కులెక్కి, కాగితం మీద తన పేరు లేదంటే తనకే అనుమానం వచ్చినట్టుంది. నేనేం చెప్పానో గుర్తు లేదు. తర్వాతి నెల వాళ్ల డబ్బు వచ్చింది. కానీ ఆ నెల ఆయన ఇంటికి పంపలేకపోయాడు. నేను 300 దిర్హాములు ఇస్తే తీసుకున్నాడు, మళ్లీ జీతం రాగానే లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు. 16 ఏళ్లయింది. ఇప్పటికీ ఏ రిపోర్టు తీసినా ముందు 11 గుర్తొస్తుంది నాకు.

ఇన్నర్ జాయిన్ అంటే అదిరా. రెండు వైపులా ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తుంది. ఎంతమందిని బయట నిలబెట్టిందో చెప్పదు. అడగకుండా వదిలేస్తే యాక్సెస్ ఇచ్చేది కూడా అదే. అదే లెఫ్ట్ జాయిన్ అయితే, ఎడమవైపు టేబుల్‌లో ఉన్న ప్రతి మనిషీ వస్తాడు. కుడివైపు పేరు దొరక్కపోతే ఆ గడిలో నల్, అంటే ఖాళీ, పడుతుంది. ఆ నల్‌ను కూడా ఊరికే వదలకు. కోయలెస్ పెట్టి, "కోడ్ 14, పేరు రాయలేదు" అని పడేట్టు చెయ్. తెలియదు అని మాత్రమే పెడితే ఏది తెలియదో చదివేవాడికి తెలియదు. కోడ్ కూడా కనబడాలి. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి తిడతారు. తిట్టించుకోవడమే మనక్కావాల్సింది.

అయినా నీకు లెఫ్ట్ జాయిన్ తెలుసంటావు. తెలుసు. నాకూ తెలుసనుకున్నాను, రెండోసారి తప్పు చేసేదాకా. లుకప్ టేబుల్‌లో వాడుకలో ఉన్న కోడ్‌లే కావాలని, వాడుకలో ఉంది అనే కాలమ్ 'వై' ఉండాలని వేర్ కింద రాశాను. పైన లెఫ్ట్ జాయిన్, కింద ఆ వేర్. ఏమైంది? పేరు దొరకని వరుసలో ఆ కాలమ్ నల్. నల్ ఎన్నడూ వైకి సమానం కాదు. ఆ వరుసలన్నీ మళ్లీ పోయాయి. పేరుకు లెఫ్ట్ జాయిన్, పని ఇన్నర్ జాయిన్‌ది. ఆ షరతు వేర్‌లో కాదు, జాయిన్ పక్కన ఆన్‌లో ఉండాలి. ఈ ఒక్క ముక్క కోసం ఒక శుక్రవారం సెలవంతా పోగొట్టుకున్నా. నువ్వు పోగొట్టుకోకు.

ఇంకోటి కూడా ఉంది, దీనికి తిరగబడ్డది. లుకప్ టేబుల్‌లో ఒకే కోడ్ రెండుసార్లు పడితే ఒక మనిషి ఇద్దరవుతాడు. వాడి గంటలు డబుల్. పేరు పోయినవాడు వచ్చి అడుగుతాడు కానీ డబుల్ వచ్చినవాడు వచ్చి చెబుతాడా? మా దగ్గర ఒకడు మూడు నెలలు చెప్పలేదు. దొరికాక "అల్లా ఇచ్చిండనుకున్న" అన్నాడు. అందుకే కోడ్ మీద ప్రైమరీ కీ పెట్టు. జాయిన్‌కు ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని వరుసలు, రెండూ లెక్కపెట్టు. మీ అమ్మ కోళ్లను గూట్లోకి తోలేటప్పుడు లెక్కపెడుతుంది చూశావా, అట్లా. రోజూ.

నువ్వనొచ్చు, కేస్‌లో ఈ బాధలేవీ లేవు కదా, వరుసలు పోవు, డబుల్ కావు అని. నిజమే. చిన్నపనికి కేస్ నేనూ వాడతా. డే షిఫ్టు, నైట్ షిఫ్టు అని రెండే ఉంటే దానికొక టేబుల్ కట్టి ఊరేగించక్కర్లేదు. కానీ నీవి 40 లైన్లు. పైగా అవి నీవి కావు, అమెరికా ఇన్సూరెన్సు కంపెనీలు వాడేవి. బిల్లు తిప్పికొట్టడానికో, తగ్గించడానికో వాళ్లు వేసే కారణాల కోడ్‌లు. 18 అంటే ఒకే బిల్లు రెండోసారి పంపారని, 29 అంటే గడువు దాటిపోయిందని, 45 అంటే ఒప్పుకున్న రేటు కంటే ఎక్కువ వేశారని. నువ్వే పోయినసారి చెప్పావు, నేను విని మరిచిపోయాననుకున్నావా? ఆ జాబితాలో కొత్తవి చేరుతుంటాయి, పాతవి ఆగిపోతుంటాయి. అక్కడ ఒకటి చేరినప్పుడల్లా హైదరాబాద్‌లో మా అల్లుడు లేచి క్వెరీ తెరిచి 41వ లైన్ రాస్తాడా? ఆ కేస్‌ను నువ్వు ఎన్ని రిపోర్టుల్లో అంటించావో నిజం చెప్పు. నాలుగా? ఆరా?

మా దగ్గర 17. వారం సెలవు ఏ రోజు అన్న సంగతి 17 రిపోర్టుల్లో కేస్ కింద రాసి ఉండేది, శుక్రవారం అని. ఈ దేశంలో శుక్రవారం మారుతుందని ఎవడనుకుంటాడు? 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు చేసి, శుక్రవారం సగం పూట పని పెట్టారు. మా యార్డు కూడా ఆదివారానికి మారింది. సెలవు రోజు పని చేస్తే ఇచ్చే ఎక్కువ రేటు ఏ రోజుకు పడాలి? 14 రిపోర్టులు మార్చాం. మిగతా మూడు ఎక్కడున్నాయో తెలియక రెండు నెలలు శుక్రవారానికే డబ్బు ఇస్తూ పోయాం. తేదీల టేబుల్ ఒకటి పెట్టి, ఏ తేదీ పనిరోజు, ఏది సెలవు అని ఒక్కచోట రాసి ఉంటే ఒక్కచోట మార్చేవాళ్లం. ఇప్పుడు అట్లాగే ఉంది. ఆ టేబుల్ నేనే చేశాను. చూపించమంటే ఫొటో పంపుతా.

పేరు మారుతుంది, కోడ్ ఉంటుంది. రైల్వే వాళ్లను చూడు. విజయవాడ స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏనే, బెజవాడ అన్నప్పటిది. చెన్నై సెంట్రల్ పేరు ఎన్నిసార్లు మారింది? టికెట్ మీద మాత్రం ఎంఏఎస్, మద్రాసు నాటిది. వాళ్లు ప్రతి టికెట్‌లో పేరే దాచి ఉంటే పేరు మారినప్పుడల్లా ఎన్ని చోట్ల దిద్దాలో ఆలోచించు. పేర్ల టేబుల్‌లో ఒక్క వరుస మారిస్తే సరిపోయింది.

ఒక్కోసారి దీనికి తలకిందులుగా కోడే మారుతుంది. మీ బాపు పాత బండి ఏపీ 15 గుర్తుందా? ఆ బండి ట్యాంకు మీద నువ్వు కూర్చుని నిద్రపోయేవాడివి, నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని. ఏపీ 15 అంటే కరీంనగర్. 2014లో రాష్ట్రం వచ్చాక కరీంనగర్ టీఎస్ 02 అయింది. 2016 అక్టోబర్ 11న జగిత్యాల వేరే జిల్లా అయ్యాక మనకు టీఎస్ 21 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. ఇక 15 అన్న అంకె ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? ఏపీ 15 కరీంనగర్, టీఎస్ 15 సంగారెడ్డి. రెండు ముక్కలూ కలిస్తేనే కీ. అటు ఆంధ్రలో 2019 నుంచి జిల్లా ఏదైనా అన్ని కొత్త బండ్లకూ ఏపీ 39 అన్నారు, ఇక ఆ కోడ్‌లో ఊరే లేదు. మా గదిలో ఉండే రాజమండ్రి ఆయన దాని మీద ఇప్పటికీ అలుగుతాడు. ఇన్ని మారినా టేబుల్‌లోంచి ఏపీ 15 వరుసను తీసేయకూడదు. ఆ నంబరు పలక తగిలించుకున్న బండ్లు ఇంకా రోడ్డు మీద ఉన్నాయి. మీ బాపుది దొడ్లో ఉంది, అదే తేడా.

అందుకని లుకప్ టేబుల్‌లో ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అని రెండు కాలమ్‌లు ఉండాలంటాను. అప్పుడు కీ కోడ్ ఒక్కటే కాదు, కోడ్, మొదలైన తేదీ రెండూ కలిసి. ఇది నేను పుస్తకంలో చదవలేదు. మా యార్డు గేటు దగ్గర నేర్చుకున్నాను. లోపలికి రాగానే పెద్ద బోర్డు ఉంటుంది. స్లింగులు, షాకిళ్లు, చైన్‌బ్లాకులు మూడు నెలలకోసారి తనిఖీ చేసి రంగు పట్టీ వేస్తారు. ఈ మూడు నెలలకు ఏ రంగో బోర్డు మీద ఉంటుంది. పోయిన మూడు నెలల్లో ఆకుపచ్చ ఉంటే దానితో బరువెత్తొచ్చు. ఈ మూడు నెలల్లో ఆకుపచ్చ ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. రంగు అదే, అర్థం తిరగబడింది. కొత్తగా వచ్చిన రిగ్గర్ ఒకడు పాత సైట్ లెక్కన ఆకుపచ్చ స్లింగు తగిలించి బీము లేపబోతుంటే నేను స్టోర్‌లోంచి చెప్పులు లేకుండా పరుగెత్తా. జులై ఎండలో, ఇసుకలో. కాళ్లు కాలిపోయాయి. ఆ బోర్డు ఏమిటంటావు? తేదీలున్న లుకప్ టేబుల్.

నీ పనిలో కూడా అదే ఉంది. 2015 అక్టోబర్ 1కి ముందు అమెరికాలో జబ్బులకు ఐసీడీ 9 కోడ్‌లు, ఆ రోజు నుంచి ఐసీడీ 10. వైద్యం ఏ తేదీన జరిగిందో ఆ తేదీకి చెల్లిన కోడ్ పట్టుకోవాలి, నువ్వు రిపోర్టు తీసిన తేదీకి కాదు. నేను వెతికి చూశాను. మామూలు షుగర్ జబ్బు, అదీ పెద్దవాళ్లకు వచ్చేది, ఇంకే చిక్కులూ లేనిది, పాత లెక్కలో 250.00. కొత్త లెక్కలో ఈ-11.9.

ఈ-11.9 అంటే మా అక్కరా. నీ స్క్రీన్ మీద ఆ కోడ్ వచ్చినప్పుడల్లా అది వేల మైళ్ల దూరంలో ఎవరి తల్లో, ఎవరి అక్కో. చిక్కులు లేనిది అని ఆ లేబుల్ చెబుతుంది. మీ అమ్మది అట్లా చిక్కులు లేకుండానే ఉండాలంటే నువ్వు మొన్నటి లాగా అర్ధరాత్రి ఫోన్ చేసి రిజైన్ చేస్తున్నా అని చెప్పకూడదు. నిద్ర పట్టక పొద్దున 280 వచ్చిందట. నీతో అనొద్దంది, అంటున్నా.

సరే, ఎక్కడున్నాను? సీనియర్. ఆయన కూడా ఒక తప్పు చెప్పాడు, దాంట్లో నేను నీ వైపే. ఉన్న కోడ్‌లన్నీ ఒకే పెద్ద టేబుల్‌లో వేయమన్నాడని రాశావు, రకం అని ఒక కాలమ్ పెట్టి. జబ్బులు, తిప్పికొట్టిన కారణాలు, రాష్ట్రాలు, డాక్టర్ల రకాలు, అన్నీ ఒకే కుప్ప. వద్దు. మీ అమ్మమ్మ పోపుడబ్బా గుర్తు చేసుకో. డబ్బా ఒకటే, గిన్నెలు వేరు. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఒకే గిన్నెలో పోసి పైన చీటీలు అతికిస్తే ఏరుకునేదెవరు? కుప్పలో వేస్తే ఫారిన్ కీ సరిగ్గా కుదరదు. జబ్బు ఉండాల్సిన గడిలో రాష్ట్రం కోడ్ వచ్చి కూర్చున్నా, టేబుల్‌లో ఉంది కదా అని ఒప్పుకుంటుంది. దేనికి దానికి వేరే టేబుల్ పెట్టు. దీన్ని ఆయనకు మెల్లగా చెప్పు, "మీరన్న టేబుల్ పెడతా, కాకపోతే వేరు వేరుగా పెడతా సార్" అని. నువ్వు చెప్పిన తీరు అది కాదని నాకు తెలుసు. నీ నోరు మీ బాపు నోరు.

ఫారిన్ కీ అన్నాను కాబట్టి ఇదీ విను. మా యార్డులోనైతే ట్రేడ్ టేబుల్‌లో లేని కోడ్‌తో ఇప్పుడు హాజరు వేయలేరు, గేటులోనే ఆగిపోతుంది. నీకు వచ్చే ఫైళ్లు బయటివి. గేటులో ఆపితే రాత్రి ఫైలంతా ఆగిపోతుంది. నువ్వు రానివ్వు. పొద్దున్నే లేచి నీ టేబుల్‌లో లేని కోడ్‌లు ఏవేవి వచ్చాయో ఒక జాబితా తీసి సీనియర్‌కు పంపు. పది రోజులు పంపితే ఆయనే నీకు టీ తెస్తాడు.

కోడ్‌లోనే అర్థం కూర్చాలని కొందరికి సరదా. మా వెల్డింగ్ రాడ్ చూడు, ఈ-7018. ఈ అంటే ఎలక్ట్రోడ్. 70 అంటే చదరపు అంగుళానికి 70,000 పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని, 1 అంటే ఏ వాటంలోనైనా వాడొచ్చని, 8 అంటే పైన పూత తక్కువ హైడ్రోజన్ రకమని. ఎంత ముచ్చటగా ఉంది! ఇది చూసి మోజుపడి మా స్టోర్‌లో ఒకాయన సరుకు కోడ్‌లో ర్యాక్ నంబరు కూడా చేర్చాడు. ఏడాది తిరక్కుండా స్టోర్ పక్క షెడ్డుకు మారింది. ర్యాక్ 6 అని చెప్పే బోల్టులు ర్యాక్ 2లో కూర్చున్నాయి. రాడ్ బలం మారదు కాబట్టి రాడ్‌కు చెల్లింది. మారేదాన్ని కోడ్‌లో దాచుకోకు.

సున్నాల సంగతి కూడా రాయాలి, మరిచిపోయాను. కోడ్ అంకెల్లో ఉన్నా అది అంకె కాదు, మాట. 07ను ఎక్సెల్ మింగి 7 చేస్తుంది. తర్వాత రెండూ కలవవు. మా ఎమిరేట్స్ ఐడీ నంబర్లు 15 అంకెలు, అన్నీ 784తో మొదలవుతాయి, 784 ఈ దేశానికున్న అంతర్జాతీయ కోడ్. వాటిని మామూలు గడిలో అతికిస్తే 7.84 ఈ ప్లస్ 14 అని చూపిస్తుంది. కాలమ్ పొడుగునా చూస్తే 200 మంది ఒకే మనిషిలాగా ఉన్నారు. ఏ కంపెనీ అయినా అట్లాగే చూస్తుందిలే అని మా మలయాళీ అకౌంటెంట్ నవ్వాడు.

ఇంకో ముచ్చట. ట్రేడ్ పేర్ల టేబుల్‌కు రెండేళ్ల కింద భాష అనే కాలమ్ చేర్చాను. ఇప్పుడు పేస్లిప్‌లో పని పేరు హిందీ, ఉర్దూ, మలయాళం, బెంగాలీ, తెలుగులో వస్తుంది. ఎవరిది వాళ్లకు. తెలుగులో స్కాఫోల్డర్‌కు పరంజా మేస్త్రీ అని రాశాను. మనవాళ్లెవరూ ఆ మాట అనరు, స్కాఫోల్డింగ్ అనే అంటారు. అయినా మేస్త్రీ అన్న మాట చూసి ఒకడు పేస్లిప్ ఫొటో తీసి ఇంటికి పంపాడు. జాయిన్‌లో భాష షరతు పెట్టకపోతే ఒక్కడు ఐదుగురవుతాడని వేరే చెప్పాలా?

ఈ టేబుళ్ల ఆలోచనకు మూలపురుషుడు ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అని ఒకాయన, 1970లో రాశాడు. ఆయన కాడ్, నేనుండేది ఐకాడ్. ఇది నేనూ నా గదివాళ్లూ చాలాసార్లు నవ్వుకున్న జోకు, నీకు నవ్వు రాకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు రాజీనామా. పదో తరగతి అయ్యాక సెలవుల్లో మెట్‌పల్లిలో బట్టల దుకాణంలో కూర్చునేవాణ్ణి. సేటు దగ్గర పది అక్షరాల మాట ఒకటి ఉండేది, ఏ అక్షరమూ రెండుసార్లు రానిది. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కొన్న ధరను ఆ అక్షరాల్లో బట్ట తాను చివర రాసేవాడు, గిరాకీకి తెలియకుండా. ఆ మాట సేటుకూ పెద్ద గుమాస్తాకూ మాత్రమే తెలుసు. ఒకసారి సేటు నిజామాబాద్ ఆసుపత్రిలో పడ్డాడు, గుమాస్తా బిడ్డ పెళ్లికి పోయాడు. దుకాణం నిండా బట్ట ఉంది. అసలు ధర చదివేవాడు లేడు. వారం రోజులు నేనూ ఇంకో పిల్లవాడూ మా ఇష్టమొచ్చినట్టు అమ్మాం. తిరిగొచ్చాక సేటు లెక్క చూసి ఏమీ అనలేదు, మాకు చాయ్ తెప్పించి ఆ మాట చెప్పేశాడు. ఇప్పటికీ గుర్తుంది, నీకు చెప్పను.

నువ్వు ఆ 40 లైన్లు అక్కడే వదిలేసి వస్తే ఆ రిపోర్టు ఆ దుకాణం అవుతుంది. ఇక్కడికి రావాలనుంటే రా, వద్దనను. నీ కోసం మంచం ఉంది, కుక్కర్ ఉంది. ఎయిర్‌పోర్టుకు వస్తా, ఏడేళ్లప్పుడు ఎత్తుకున్నట్టు ఎత్తుకోలేను కానీ పెట్టె మోస్తా. కానీ ముందు ఆ టేబుళ్లు కట్టు, పేర్లు నింపు, తేదీలు వేయి, తర్వాతివాడికి చూపించి రా. ఒకరి మీద అలిగి రాకు. అలిగి వచ్చినవాళ్లను ఈ క్యాంపులో చాలామందిని చూశాను, వాళ్లు రాత్రిళ్లు ఊరికే లేచి కూర్చుంటారు.

మీ అమ్మకు ఈ రోజు ఫోన్ చెయ్. వాట్సాప్ కాదు, ఫోన్. మందు వేసుకుందా అని అడుగు. నా పేరు చెప్పకు.

మూడు కావస్తోంది. ఈ-7018 రాడ్లు గాలి తేమ పీల్చకుండా ఓవెన్‌లో ఉంచుతాం, తాళం నా దగ్గరే. వెల్డర్లు లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు.

ఉంటాను.

నీ మామ

తా.క.: ఆ 40 లైన్ల కేస్ చెరిపేయకు. ఫొటో తీసి పంపు. చివర ఎల్స్‌లో ఏం రాశావో చూడాలి. అదర్స్ అని రాసి ఉంటే, ఆ అదర్స్‌లో ఎన్ని బిల్లులున్నాయో లెక్కపెట్టి ఆ అంకె కూడా పంపు.